సున్నా గజాల మేర చెల్లిన పెళ్ళి

మా పెళ్ళయి ఇరవై రెండు రోజులైంది. ఈ సంగతి నాకు తెలుసు, మా ఆయనకు తెలుసు, బొబ్బట్టు రెండోసారి అడిగి మరీ వేయించుకున్న మూడు వందల అరవై మంది అతిథులకూ తెలుసు. తెలియనిది ఒక్క ప్రభుత్వానికే.

తెలియకపోతే ఏం పోతుందని మీరనవచ్చు. ఇల్లు పోతుంది. మా ఆయన దివాకర్ చింతలరేవు రైల్వేస్టేషన్లో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరు. పెళ్ళయిన ఉద్యోగులకిచ్చే క్వార్టర్లలో ఏడో నంబరు ఈమధ్యే ఖాళీ అయింది. నెలాఖరు రోజు సాయంత్రం అయిదింటిలోగా వివాహ ధ్రువపత్రం వెబ్‌సైట్లో ఎక్కిస్తే ఆ ఇల్లు మాది. లేకపోతే జాబితాలో మా తరవాత ఉన్నవాళ్ళది. ఇంకోటి ఖాళీ కావాలంటే మూడేళ్ళయినా పడుతుందట. అప్పటిదాకా ఆయన ముగ్గురు బ్రహ్మచారులతో ఒక గదిలో, నేను మా అమ్మ దగ్గర.

ప్రస్తుతం మా కాపురం ఒకటో నంబరు ప్లాట్‌ఫాం మీద, మంచినీళ్ళ కుళాయి పక్క బెంచీ మీద, సాయంత్రం ఆరు నుంచి ఏడు వరకు. పెళ్ళయ్యాక ఇలా కలుసుకోవడం సరదాగానే ఉంది. కాకపోతే ఒక మాట మొదలుపెట్టి రెండో మాటకు వచ్చేసరికి ఆయన లేచి వెళ్ళి గూడ్సు బండికి జెండా చూపించి రావాలి. యాభై ఎనిమిది పెట్టెలు. నేను లెక్కపెడుతూ కూర్చుంటాను. ఒకసారి యాభై తొమ్మిది వచ్చాయి, ఆ రోజంతా హాయిగా గడిచింది.

ఏడో నంబరు ఇంటిని తాళం వేసి ఉండగానే రెండుసార్లు చూసొచ్చాను. కిటికీ రెక్క సందులోంచి వంటగది కనబడింది. గట్టు సరిగ్గా నా ఎత్తుకు తగ్గట్టుంది. కిటికీ తెరిస్తే ప్లాట్‌ఫాం కొసదాకా కనిపిస్తుంది కాబట్టి, బళ్ళేమీ లేని వేళ ఆయన అక్కడ నిలబడి చెయ్యి ఊపితే నేను అన్నం వడ్డించాలని ఒప్పందం కూడా చేసేసుకున్నాం. ఏడు గిన్నెల పోపుల డబ్బా కొన్నాను. మెంతులు ఏ గిన్నెలో పోయాలన్న దగ్గర ఇద్దరికీ చిన్న తగువు కూడా అయింది. ఇక ధ్రువపత్రం ఒక్కటే తక్కువ.

*

చింతలరేవు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి మేం వెళ్ళేసరికి గోడ మీద కొత్త సర్క్యులర్ జిగురు ఇంకా పూర్తిగా ఆరలేదు.

"వివాహము ఒక నిర్దిష్ట క్షణమున సంభవించును. సదరు క్షణము వధూవరులు ఉభయులకును ఒక్కటియై యుండవలెను. భిన్నముగా నున్నచో సదరు వివాహము విచారణార్హము."

జీలకర్ర బెల్లం ఒకరి తల మీద ఒకరు పెట్టిన క్షణాన్నే పెళ్ళి క్షణంగా లెక్కించాలని కింద చిన్న అక్షరాల్లో వివరణ. ఫారంలో గంటలకు, నిమిషాలకు, సెకన్లకు మూడు గళ్ళు. చూసి రాసుకోకుండా వధువును ఒకచోట, వరుణ్ణి ఇంకోచోట కూర్చోబెట్టి నింపిస్తారు.

నన్ను పాత దస్తావేజుల గదిలో కూర్చోబెట్టారు. పెళ్ళి వీడియో అప్పటికి పద్నాలుగుసార్లు చూశాను. తెర మీద ఒక మూల టైం పడుతూనే ఉంటుంది. పది నలభై రెండు, పదహారు సెకన్లు అని ధైర్యంగా రాశాను. దివాకర్ వరండాలో రాశారు. ఏది జరిగినా ముందు గడియారం చూసుకోవడం స్టేషన్ వాళ్ళకు అలవాటు. నా తల మీద చెయ్యి పెడుతూ కూడా మణికట్టు వంక చూసుకున్నారని నాకు అప్పుడే తెలిసింది. పది నలభై రెండు, పదిహేడు సెకన్లు.

సబ్ రిజిస్ట్రార్ ఆదిశేషయ్యగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ చూశారు.

"అమ్మా, మీరు పదహారో సెకనులో వివాహమాడారు. ఈయన పదిహేడో సెకనులో ఆడారు. మధ్యన ఒక సెకను మిగులుతోంది. సదరు సెకనులో మీరు వివాహిత, ఈయన అవివాహితుడు. ఆ వ్యవధిలో మీరు ఎవరి భార్య?"

నేను దివాకర్ వంక చూశాను. ఆయన నవ్వాపుకోవడానికి ఫ్యాను వంక చూస్తున్నారు.

"ఆలోచించుకుని రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వండి," అన్నారు ఆదిశేషయ్యగారు.

బయటికి రాగానే అటెండరు యేసుపాదం వెనకే వచ్చాడు. "అమ్మగారూ, దీనికింత ఆలోచనెందుకండీ? కొత్త ఫారం తీసుకుని ఇద్దరూ ఒకటే అంకె ఏసెయ్యండి. పొద్దున్నించి పదకొండు జంటలు అదే చేశారండి."

ఆ మాట విని ఉంటే ఈ కథ లేదు. కానీ నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్. జూనియర్ కాలేజీలో పాఠం చెబుతాను. పైగా పెళ్ళయి మూడు వారాలైన భర్త పక్కన నిలబడి ఉండగా తెలివి చూపించుకునే అవకాశం వస్తే వదులుకోవడం ఎవరి తరం?

"సంజాయిషీ నేను రాస్తాను," అన్నాను.

"రాయి ప్రసూనా, రాయి," అన్నారు దివాకర్, గర్వంగా. పాపం, ఆయనకూ తెలియదు.

రెండు పేజీలు రాశాను, బొమ్మతో సహా. సాపేక్ష సిద్ధాంతం ప్రకారం, రెండు చోట్ల జరిగిన రెండు పనులు ఒకేసారి జరిగాయా, ముందూ వెనకా జరిగాయా అన్నది చూసేవారి కదలికను బట్టి మారుతుంది. నిలబడి చూసినవారి లెక్కలో ఒకేసారి జరిగింది, రైల్లో పోతూ చూసినవారి లెక్కలో ఒకేసారి కాదు. ఇద్దరూ సరైనవారే. ఉదాహరణకు మా కల్యాణమండపం రైలు పట్టాల పక్కనే ఉంది. మేం ఎదురెదురుగా కూర్చున్న వరుస పట్టాలకు సమాంతరం. సరిగ్గా ముహూర్తానికి ఒక ఎక్స్‌ప్రెస్ పోయింది. డ్రైవరు దివాకర్‌గారి స్నేహితుడు కావడంతో మాకోసం పొడుగ్గా కూత కూడా వేశాడు. ఆ బండిలోంచి లెక్క కడితే మా ఇద్దరి చేతులకూ మధ్య తేడా, సెకనును యాభై కోట్ల కోట్ల ముక్కలు చేస్తే అందులో ఒక్క ముక్క.

మా ఒక్క సెకను తేడాకు దీనితో ఏ సంబంధమూ లేదనీ, కారణం వీడియో గడియారం, చేతి గడియారం కలవకపోవడమేననీ చివరి వాక్యంలో రాశాను. చివరి వాక్యం దాకా ఎవరూ చదవరని నాకు ఎమ్మెస్సీలో చెప్పలేదు.

*

మూడో రోజు పిలుపొచ్చింది. ఆదిశేషయ్యగారి ముఖం వెలిగిపోతోంది. తలుపు వేయించి, ఇనప్పెట్టె తెరిచి, ఎవరూ తీసుకుపోని దస్తావేజుల అడుగు నుంచి ఒక లావుపాటి నోటుపుస్తకం తీశారు.

"పదకొండేళ్ళుగా అడుగుతున్నానమ్మా ఈ మాట! ఎవరికి రాసినా జవాబు లేదు. ఇప్పటికి ఒక అధీకృత కక్షిదారు నోటి నుంచి వచ్చింది. ఇద్దరూ సరైనవారే! చూడండి, ఒకటే సర్వే నంబరు. ఇద్దరొచ్చి నాదంటే నాదంటారు. నేనేం రాయాలి? ఒకరి కాగితం నిజం, ఇంకొకరిది ఫోర్జరీ. అలా కాకుండా, ఇద్దరిదీ నిజమే, ఎవరు ఎటు నడుస్తూ చూశారో దాన్ని బట్టి ఉంటుంది అని రాస్తే నన్ను ఈ కుర్చీలో ఉంచుతారా? దీన్ని మా శాఖలో డబుల్ రిజిస్ట్రేషన్ అంటారు. మరి ఈ సిద్ధాంతాన్ని ఇన్నేళ్ళుగా ఎవరు ఉంచారు?"

"అది వేరండి," అన్నాను. "లెక్కలో ఎక్కడా ఒకదానికొకటి అడ్డం రాదు. ఒకరి కొలత నుంచి ఇంకొకరి కొలతకు మార్చుకోవడానికి సూత్రాలున్నాయి..."

"సూత్రాలు వద్దు. లింకు డాక్యుమెంట్లు చూపించండి."

"వేటికండి?"

"కాలానికి. ఈ సిద్ధాంతం రాకముందు కాలం ఎవరి స్వాధీనంలో ఉన్నది? అందరికీ ఒకటే కాలం. ఉమ్మడి ఆస్తి. దాన్ని విడగొట్టి ఎవరి వాటా వారికి రాసేశారు. సరే, రాయొచ్చు. పంపకాల దస్తావేజు ఏది? సాక్షి సంతకాలేవి? ఈ మార్పుకు సరిహద్దుదారుల అభ్యంతరం తీసుకున్నారా?"

రెండేళ్ళు చదివి, మూడేళ్ళు పాఠం చెప్పినా నాకు ఆ ప్రశ్నలు తట్టలేదు. నిజం చెప్పాలంటే మా ప్రొఫెసర్లకూ తట్టలేదు.

"సార్," అన్నారు దివాకర్, "ఆ సిద్ధాంతం సంగతి తీరిగ్గా తేల్చండి. మా ఇల్లు నెలాఖరుకి పోతుంది."

"అందుకే త్వరితగతిన విచారణ చేపడుతున్నాం. మామూలుగా అయితే ముప్పై రోజుల నోటీసు. మీకోసం ఏడు రోజులకు కుదించాను."

ఆ సాయంత్రమే ఫైలు తెరిచారు. విషయం: విశిష్ట సాపేక్ష సిద్ధాంతం, తార్కిక పొంతన, టైటిల్ స్పష్టముగా లేకపోవుట, విచారణ గురించి. మా పెళ్ళి ఆ ఫైలుకు జతపరచిన కాగితం అయింది, ఒకటి నుంచి నాలుగు పేజీలు.

సిద్ధాంతకర్తకు ఆయన ఆఖరి చిరునామాకు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపారు. వారం తిరక్కుండా, చిరునామాదారు లేరన్న ముద్రతో కవరు తిరిగొచ్చింది.

"తప్పించుకు తిరుగుతున్నాడు," అన్నారు ఆదిశేషయ్యగారు. "ఎక్స్ పార్టీగా, ఆయన లేకుండానే తేల్చేస్తాం."

*

అభ్యంతరాల విచారణ రోజున వరండా నిండిపోయింది. యేసుపాదం పేర్లు పిలుస్తుంటే, మొదట ఇద్దరు పెద్దమనుషులు ఒకేసారి లేచారు. కవలలు, పెదసింహాచలం, చినసింహాచలం. పదకొండు నిమిషాల తేడాతో అన్నదమ్ములు.

"ఈ అమ్మగారి పుస్తకం ప్రకారం కవలల్లో ఊళ్ళు తిరిగొచ్చినోడు కుర్రోడిలా ఉంటాడంటండి," అన్నాడు పెదసింహాచలం. "మా తమ్ముడు ఇరవయ్యారేళ్ళు లారీ తోలాడు. నేను కిరాణా కొట్లో గల్లాపెట్టి ముందు కదలకుండా కూర్చున్నాను. మీరే చూడండి బాబూ, ఎవడు ముసలోడిలా ఉన్నాడో!"

చినసింహాచలానికి ముందుపళ్ళు లేవు, జుట్టు ముగ్గుబుట్ట. ఆయనకు కోపం వచ్చింది. "ఒరే అన్నయ్యా, నీ జుట్టుకేసిన రంగు సంగతి కూడా చెప్పరా ఆఫీసరుగారికి!"

"జుట్టు రంగు అంశము ప్రస్తుత విచారణ పరిధిలోనికి రాదు," అని ఆదిశేషయ్యగారు రాయించారు. "అన్నదమ్ముల ముఖములను పరిశీలించగా సిద్ధాంతమునకు వ్యతిరేకముగా నున్నవి."

"ఆ తేడా తెలియాలంటే లారీ దాదాపు కాంతి వేగంతో పోవాలండి," అన్నాను.

"ఖాళీ బండైనా ఎనభై దాటదమ్మా," అన్నాడు చినసింహాచలం, నిజాయితీగా.

తరవాత లేచింది సర్వేయరు లింగమూర్తిగారు. మండలంలో ఆయన గొలుసు పడని గట్టు లేదు. "కదిలే వస్తువు కదిలే దిక్కున పొట్టిదవుతుందని ఈ సిద్ధాంతంలో ఉన్నట్టు మా అబ్బాయి చెప్పాడు. నేను గొలుసు పట్టుకుని నడుస్తూ కొలుస్తాను సార్. అంటే ముప్పయ్యేళ్ళ సర్వీసులో నేను కొలిచిన పొలాలన్నీ మళ్ళీ కొలవాలా?"

వరండా అంతా ముందుకు జరిగింది. మండలంలో సరిహద్దు తగాదాలు లేని మనిషి అక్కడ ఒక్కరూ లేరు.

"ఈ ప్రశ్న మినిట్సులో రాయకండి," అన్నారు ఆదిశేషయ్యగారు, చెమట తుడుచుకుంటూ.

ఆ రోజు మధ్యంతర ఉత్తర్వు వచ్చింది. సిద్ధాంతం తేలేవరకు, కదులుతున్న రైలు నుంచి చూడబడిన పెళ్ళిళ్ళన్నీ పెండింగులో ఉంటాయి. న్యాయంగానే ఉంది. కానీ యేసుపాదం టీ గ్లాసులు తీస్తూ ఊరికే అడిగాడు: "మరి బస్సులోంచి చూసినయ్యండి?" ఆదిశేషయ్యగారు ఆలోచించి బస్సు చేర్చారు. "రేవు పక్కన అయిన పెళ్ళిళ్ళు పడవలోంచి చూత్తారు కదండీ?" పడవ చేర్చారు. "పైనించి విమానం..." అన్నాడు యేసుపాదం. నేను కళ్ళతో సైగ చేసేలోపే విమానం కూడా చేరిపోయింది. మూడు టీ గ్లాసులు కడిగేంతలో చింతలరేవు పరిధిలో పెళ్ళయినవాళ్ళంటూ లేకుండా పోయారు.

ఒక్క మినహాయింపు పెట్టారు. తాము కదలని మనుషులమని స్థిరత్వ ధ్రువపత్రం తెచ్చుకున్నవారి పెళ్ళిళ్ళను విడిగా పరిశీలిస్తారు. ఆ పత్రం ఇచ్చే పని లింగమూర్తిగారికి అప్పగించారు. మర్నాడే ఆయన మా ఇంటికొచ్చి, ఫారం ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. దివాకర్ కూడా డ్యూటీ మార్చుకుని వచ్చారు.

"దరఖాస్తుదారు కదులుచున్నారా, లేక ఉన్నచోటనే ఉన్నారా?"

"దేనితో పోలిస్తే అండి?" అన్నారు దివాకర్. నా సావాసంతో ఆయనకూ రెండు ముక్కలు వచ్చేశాయి. మురిసిపోయాను.

"ఆ గడి లేదు బాబూ. కదులుట, కదలకుండుట. రెండే."

"ఉన్నచోటే ఉన్నామండి," అన్నాను గబగబా.

"ఇంటిపెద్ద వాంగ్మూలం కావాలి. అమ్మా, మీ అమ్మాయి ఒకచోట కుదురుగా ఉంటుందా?"

మా అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకుని వచ్చింది. ఇరవై ఐదేళ్ళుగా ఈ ప్రశ్న ఎవరైనా అడుగుతారా అని ఎదురుచూస్తున్నట్టుంది. "ఇదా! పుట్టింది మొదలు ఒక్క క్షణం ఒక్కచోట కూర్చుంటే ఒట్టండి. పీటల మీద కూడా కాళ్ళు ఊపుతూనే ఉంది. పంతులుగారు రెండుసార్లు కసిరారు. వీడియో ఉంది, చూపించమంటారా?"

లింగమూర్తిగారు కదులుట అన్న గడిలో టిక్కు పెట్టారు. స్థిరత్వ ధ్రువపత్రం ఆశ అక్కడితో సరి. బయటికొచ్చాక దివాకర్ చాలాసేపు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తరవాత ఇద్దరం ఆగి, ఇల్లు దక్కడానికి ఇక నాలుగు రోజులే ఉన్నాయని చెరోసారి చెప్పుకున్నాం.

*

నెలాఖరు శనివారం. పొద్దున పదిన్నర నుంచి కార్యాలయం బెంచీ మీద ఉన్నాను. నోటీసు బోర్డు మీద పెండింగు పెళ్ళిళ్ళ జాబితా వేలాడుతోంది, ముప్పై ఒక్క పేజీలు. పదకొండింటికి ఒక పెద్దావిడ స్టీలు క్యారేజీ పట్టుకుని వచ్చారు. సరాసరి లోపలికి పోబోయి, బోర్డు దగ్గర ఆగి, వేలు పెట్టి కిందకి చదువుకుంటూ వెళ్ళారు. వేలు ఒకచోట ఆగిపోయింది. వెనక్కి తిరిగి యేసుపాదాన్ని పిలిచారు.

"నాకో టోకెన్ ఇవ్వు."

"మీకు టోకెనేంటండీ అమ్మగారూ! అయ్యగారు లోపలే ఉన్నారు."

"అయ్యగారు నాకేమవుతారు? బోర్డు చూడు, నూట పన్నెండో నంబరు. కొమ్మిరెడ్డి ఆదిశేషయ్య, సత్యవేణి. సంబంధం నిర్ధారణ కాలేదు. నిర్ధారణ కాని మగాడి గదిలోకి నేనెలా పోతాను? టోకెన్ ఇవ్వు."

అరవై మూడో నంబరు టోకెన్ తీసుకుని వచ్చి నా పక్కన కూర్చున్నారు. నా మెడ వంక చూశారు.

"కొత్త పెళ్ళికూతురివా? పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉందే."

"నెలన్నర కూడా కాలేదండి. పెండింగు."

"నాది ఇరవై తొమ్మిదేళ్ళమ్మా. నాదీ పెండింగే. తింటావా?" అని క్యారేజీ విప్పారు. చింతపండు పులిహోర, మీద వేరుశనగలు, కరివేపాకు కరకరలాడుతూ. ఇద్దరం తిన్నాం. నేను రెండోసారి కూడా పెట్టించుకున్నాను. పెండింగులో ఉన్నా రుచికి లోటు లేదు. లోపలి గదిలోంచి ఆదిశేషయ్యగారు తన మధ్యాహ్న భోజనం ఇద్దరు అర్జీదారుల చేతుల్లో తరిగిపోవడాన్ని తలుపు సందులోంచి చూస్తున్నారు.

మూడు గంటలకు, అడుగున మిగిలిన పులిహోర కూడా పంచుతూ సత్యవేణమ్మగారు నన్నడిగారు: "ఏమ్మా, చదువుకున్నదానివి. రైల్లో వాళ్ళూ, గట్టు మీద వాళ్ళూ ఇద్దరూ ఒప్పుకునే మాట ఒక్కటైనా లేదా మీ పుస్తకంలో?"

"లేకేమండి, బోలెడున్నాయి. రెండు పనులు ఒకే చోట ఒకేసారి జరిగితే, ఎవరు ఎంత వేగంగా పోతూ చూసినా ఒకేసారి జరిగినట్టే. మధ్యలో దూరం ఉంటేనే ఈ గొడవంతా."

"అంటే పెళ్ళికొడుకు తలా, పెళ్ళికూతురు తలా ఆనుకుని ఉంటే?"

నా చేతిలో పులిహోర ముద్ద అలాగే ఉండిపోయింది. పద్దెనిమిది రోజులుగా ఈ వరండాలో తిరుగుతున్న ఎమ్మెస్సీకి తట్టనిది ఆవిడకు ఒక్క క్షణంలో తట్టింది.

"అయితే తప్పంతా మీదే," అన్నారావిడ లేస్తూ. "మూరెడు దూరం ఎవరు కూర్చోమన్నారు మిమ్మల్ని?"

"పీటలు అలా వేశారండి."

టోకెన్ చూపించి, వరుస తప్పకుండా, ఆవిడ లోపలికి వెళ్ళారు. వెనక నేను. ఆదిశేషయ్యగారు అంతా విని, నోటుపుస్తకం తిప్పి తిప్పి చూసి, నన్నడిగారు: "ఈ విషయాన్ని సిద్ధాంతమే అంగీకరిస్తోందా?"

"అంగీకరిస్తుందండి. ఎటు నడిచేవాళ్ళయినా ఒకటే మాట చెబుతారు."

"డబుల్ రిజిస్ట్రేషన్ ఉండదా?"

"ఉండదండి."

ఆయన నోటుపుస్తకం మూశారు. పదకొండేళ్ళ అనుమానం ఒకవైపు, ఖాళీ క్యారేజీ ఒకవైపు. చివరకు కలం తీశారు.

"సున్నా గజముల మేరకు సదరు సిద్ధాంతమునకు టైటిల్ స్పష్టముగా నున్నట్లు ఇందుమూలముగా తేల్చడమైనది. మిగిలిన విస్తీర్ణము విషయము తదుపరి విచారణకు వాయిదా. శిరస్సుల నడుమ దూరము శూన్యమని సర్వేయరు ధ్రువీకరించిన మీదట, జీలకర్ర బెల్లము తిరిగి పెట్టుకొనిన వివాహములు అన్ని వాహనముల నుండియు చెల్లును."

యేసుపాదం బజారుకి పరుగెత్తి జీలకర్ర, బెల్లం తెచ్చి, టీ కాచే గదిలో నూరాడు. పూర్వోదాహరణ లేనిదే కొత్త పద్ధతి అమలు చేయడానికి వీల్లేదు కాబట్టి, మొదటి జంట తానే కావాలన్నారు ఆదిశేషయ్యగారు. ఆ మాట అన్నది సర్క్యులర్ వంక చూస్తూ గానీ, చెవులు ఎర్రబడ్డాయి.

ఇద్దరూ ఎదురెదురుగా కుర్చీలు జరుపుకున్నారు. నుదురూ నుదురూ ఆనించారు.

"కళ్ళజోడు తియ్యండి, గుచ్చుకుంటోంది," అన్నారు సత్యవేణమ్మగారు.

తీశారు. లింగమూర్తిగారు టేపు కొసను రెండు తలల మధ్య దూర్చబోయారు. "పోవట్లేదు సార్."

"టేపు దూరలేదని రికార్డు చేయండి," అన్న గొంతు భార్య నుదుటి కిందనుంచి సన్నగా వినిపించింది. "వివాహము చెల్లినది."

"చెల్లింది కదా, ఇంటికి రండి. వేడిగా ఉప్మా చేస్తాను," అన్నారావిడ.

"ఇంకొక కేసు ఉన్నది," అన్నారాయన. కానీ వెంటనే లేవలేదు.

*

నాలుగూ ఇరవైకి దివాకర్ వచ్చారు, డ్యూటీ దిగి తెల్ల యూనిఫాం మీదే, ప్లాట్‌ఫాం నుంచి పరుగెత్తుకుంటూ. విషయం రెండు ముక్కల్లో చెప్పాను. ఆయన వివరాలేమీ అడగలేదు. టోపీ తీసి యేసుపాదానికిచ్చి, కూర్చుని, నా నుదుటికి నుదురు ఆనించారు. జిగట ముద్ద ఆయన తల మీద నేను, నా తల మీద ఆయన పెట్టాం. చోటు ఒక్కటే కాబట్టి ఫారంలో గళ్ళు కూడా ఒక్క వరుసే చాలన్నారు ఆదిశేషయ్యగారు. సెకన్లు యేసుపాదం గోడ గడియారం చూసి చెప్పాడు. లింగమూర్తిగారి టేపు దూరలేదు.

"ధ్రువపత్రము జారీ అగు వరకు శిరస్సులు ఎడము చేయరాదు," అని ఆదిశేషయ్యగారు ఒక చీటీ రాసి, ముద్ర వేసి, మా ఒళ్ళో పెట్టారు. "ఎడమైనచో మొదటినుండి జరుపవలెను." తరవాత కంప్యూటర్ ముందు కూర్చున్నారు. తెర మీద చక్రం తిరుగుతోందని అందరూ అనుకుంటుంటే విన్నాను. నాకు తెర కనబడదు. నాకు కనబడేది దివాకర్ ఒక్కరే. అంత దగ్గర్నుంచి చూస్తే మనిషికి ఒకటే కన్ను ఉంటుంది, పెద్దది, మధ్యలో. అందులో నేనున్నాను.

"ప్రసూనా," అన్నారు గొంతు తగ్గించి, "బెల్లం చెవిలోకి కారుతోంది."

"కదలకండి. ఇల్లు పోతుంది."

"కదలట్లేదు. చెబుతున్నానంతే."

నాలుగూ నలభై ఒకటికి చక్రం ఆగి, మళ్ళీ మొదలైంది. నాలుగూ నలభై ఎనిమిదికి కరెంటు పోయి వచ్చింది. నాలుగూ యాభై రెండుకు ప్రింటరు గొంతు సవరించుకుంది. వేడివేడి కాగితం మీద ఆదిశేషయ్యగారు పొల్లు పోకుండా సంతకం పెట్టి, ముద్ర గుద్ది, దివాకర్ చేతిలో పెట్టారు. ఆయన తల కదపకుండా జేబులోంచి ఫోను తీసి, చెయ్యి బారుగా చాచి ఫొటో కొట్టారు. వేలితో తడుముకుంటూ వెబ్‌సైట్లో ఎక్కించారు. నాలుగూ యాభై ఎనిమిదికి ఫోను టింగుమంది. యేసుపాదం వంగి, పైకి చదివాడు: "మీ పత్రం అందినది. క్వార్టరు నంబరు ఏడు కేటాయించబడినది."

వరండాలో చప్పట్లు. సత్యవేణమ్మగారి గాజుల చప్పుడు వేరుగా వినబడింది.

"శుభమమ్మా," అన్నారు ఆదిశేషయ్యగారు. "ఇక తలలు తీయవచ్చు."

నేను తీయబోయాను. దివాకర్ కదల్లేదు. కాగితం చేతికి రానిదే బండి కదలనివ్వని ఉద్యోగం ఆయనది.

"సార్," అన్నారు, "ఎడం చేయరాదన్నది రాతపూర్వకంగా ఇచ్చారు. తీయవచ్చన్నది నోటిమాట. అది కూడా రాసి, ముద్ర వేసి ఇప్పించండి."

ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఆదిశేషయ్యగారికి ఇంత పద్ధతి తెలిసిన పౌరుడు తగిలి ఉండడు. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"కరెక్టే. ముందటి ఉత్తర్వును రద్దు చేయుటకు టైపు చేసిన ప్రొసీడింగ్సు కావాలి. యేసుపాదం, టైపిస్టును పిలువు."

"టైపిస్టు ఎల్లిపోయాడండి," అన్నాడు యేసుపాదం. "రేపు ఆదివారం."

మేం కదల్లేదు.